నోట మాట లేకున్నా చెప్పేది ఉంటుంది
పిల్లల పెంపకం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చినవే. రాసినవారిలో ఒక నాయనమ్మ ఉన్నారు, ఇద్దరు తల్లులున్నారు, ఒక తండ్రి, ఒక ఉపాధ్యాయురాలు ఉన్నారు. ఉత్తరాలను కొంత కుదించి, పేర్లు తీసివేసి ఇక్కడ ఇస్తున్నాను. పిల్లలను కళ్లారా చూడకుండా వారికి ఫలానా సమస్య ఉందని తేల్చడం తగదు కాబట్టి, ఈ జవాబులు వైద్య పరీక్షకు బదులు కావు. పరీక్షకు వెళ్లేలోగా, వెళ్లి వచ్చిన తరువాత కూడా, ఇంట్లోనూ బడిలోనూ పెద్దలు చేయగలిగినది చాలా ఉంది. మాటల చికిత్స చేసే వృత్తిలో ఇన్నేళ్లుగా నేను చూసినది ఆ భాగమే.

ప్రశ్న: మా మనవడికి మూడున్నర ఏళ్లు. కొడుకూ కోడలూ చెన్నైలో భవనాల పనికి వెళ్లారు. ఏడాది పిల్లవాడిగా ఉన్నప్పటి నుంచి నా దగ్గరే పెరుగుతున్నాడు. సొంతంగా ఒక్క మాట అనడు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని లాక్కుపోతాడు. అది దొరక్కపోతే నేల మీద పడి తల కొట్టుకుంటాడు. ఫోనులో వచ్చే పాటలు గొణుగుతాడు. ‘నీళ్లు కావాలా’ అని నేనంటే, తిరిగి ‘నీళ్లు కావాలా’ అనే అంటాడు. వస పోశాం. నాలుక కింద తీగ కోయిస్తే మాట వస్తుందని ఒకరన్నారు. మగపిల్లలకు మాట ఆలస్యమేనని, అయిదేళ్లకు అదే వస్తుందని ఊళ్లో అందరూ అంటున్నారు. పక్కింటి అమ్మాయి చేత ఈ ఉత్తరం రాయిస్తున్నాను. నేనేటి చెయ్యాలి?
— ఒక నాయనమ్మ, సోంపేట మండలం

జవాబు: అమ్మా, మీ మనవడు ఏమీ చెప్పడం లేదని మీరు బాధపడుతున్నారు గాని, మీ ఉత్తరంలోనే వాడు మూడు సంగతులు చెప్పాడు. చెయ్యి పట్టుకుని లాక్కుపోవడం ‘అది నాకు ఇయ్యి’ అనడమే. నేల మీద పడటం ‘నేను చెప్పింది మీకు తెలియడం లేదు’ అనడం. ఇక ‘నీళ్లు కావాలా’ అని తిరిగి అనడాన్ని చాలామంది వట్టి చిలకపలుకు అనుకుంటారు. దప్పిక వేసినప్పుడు, కుండ దగ్గర నిలబడి ఆ మాట అంటున్నాడేమో ఒక వారం గమనించండి. నీళ్లు దొరికే ముందు ప్రతిసారీ వాడి చెవిన పడిన మాట అదే కాబట్టి, నీళ్లకు పేరే అదనుకుని వాడు దాన్ని వాడుతూ ఉండవచ్చు. అలాగైతే మీరు మార్చవలసింది ఒక్క అక్షరం. వాడి వంతు మాటను మీరే అని చూపించండి: ‘నీళ్లు కావాలి’ అంటూ గ్లాసు చేతికివ్వండి. ‘కావాలా’ అని అడిగినంత కాలం వాడి దగ్గర ఉన్నది మీ ప్రశ్న మాత్రమే. ‘కావాలి’ అన్న నాటి నుంచి వాడి జవాబు వాడికి ఉంటుంది.

అయిదేళ్ల దాకా ఆగమన్న సలహాను మాత్రం దయచేసి వినవద్దు. మగపిల్లలు ఆడపిల్లల కంటే కొద్ది నెలలు వెనకగా మాట్లాడటం ఉన్నదే గాని, మూడున్నర ఏళ్లకు సొంత మాట లేకపోవడానికి ఆ కారణం సరిపోదు. అన్నం తినిపిస్తూ చందమామను చూపిస్తే, ఏడాది దాటిన పిల్లలు మన వేలును కాక ఆకాశాన్ని చూస్తారు. కొంతకాలానికి తామే వేలు చూపించి, ‘నువ్వు కూడా చూశావా’ అన్నట్టు మన ముఖంలోకి చూస్తారు. పదహారు నెలలకు విడి మాటలు, రెండేళ్లకు ‘పాలు ఇయ్యి’, ‘తాత వచ్చాడు’ వంటి జంట మాటలు రావాలి. వచ్చిన మాటలు ఏ వయసులో పోయినా అది ఆగి చూడవలసిన విషయం కాదు. నాలుక కింది తీగ బిగువుగా ఉంటే పసితనంలో పాలు తాగడానికి, పెద్దయ్యాక కొన్ని అక్షరాలు పలకడానికి ఇబ్బంది కలగవచ్చు. పిల్లవాడు అసలు మాట్లాడకపోవడానికి అది కారణం కాదు, కనుక అందుకోసం కోత పెట్టించవద్దు. వసతో మాట వస్తుందనడానికి ఆధారం లేదు, పైగా మోతాదు మించితే పిల్లలకు ఆగకుండా వాంతులవుతాయి. పోసినందుకు మిమ్మల్ని మీరు నిందించుకోనక్కరలేదు, ఇక పోయకండి.

మొదట చేయించవలసింది చెవి పరీక్ష. ఫోను పాట వినబడి పరుగెత్తుకొస్తున్నాడు గదా, చెవులు బాగానే ఉన్నాయని మీరు అనుకోవచ్చు. పాట రాగం వినబడి, మాటలోని సన్నని హల్లులు వినబడని పిల్లలు ఉంటారు. జలుబు తరువాత చెవి లోపల నీరు చేరి, నెలల తరబడి లోకమంతా గోడ అవతలి నుంచి వినబడినట్టు వినే పిల్లలూ ఉంటారు. లోపలి చెవి శబ్దానికి స్పందిస్తోందా అని చూసే ఓఏఈ అనే పరీక్ష కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. శబ్దం చెవి నుంచి మెదడు దాకా చేరుతోందా అని చూసే బెరా పరీక్షను పిల్లవాడు నిద్రపోతుండగా చేస్తారు, కనుక ఆ రోజు ప్రయాణంలో నిద్రపోనివ్వకుండా తీసుకువెళ్లండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు ఇప్పుడే చెప్పి ఆ బృందానికి బాబును చూపించండి. వారు జిల్లా స్థాయిలోని సత్వర చికిత్స కేంద్రానికి రాసి పంపుతారు. అక్కడ చెవి, మాట, ఎదుగుదల అన్నీ చూస్తారు. ఆటిజం, అంటే ఇతరులతో కలవడంలో, మాటలో, ప్రవర్తనలో తేడా కనబడే ఎదుగుదల స్థితి, ఉందో లేదో చూడవలసింది కూడా అక్కడే. ఆ పేరు విని భయపడకండి, పేరు పెట్టినా పెట్టకపోయినా మీరు ఇంట్లో చేయవలసిన పని ఒకటే. వీలైతే ఆ రోజుకు తల్లినో తండ్రినో రమ్మనండి, ఎందుకంటే కాన్పు నాటి సంగతులు, మొదటి ఏడాది సంగతులు వారు చెప్పవలసి ఉంటుంది.

ఇంటి పని విషయానికి వస్తే, మీకు తెలిసిన ఆటలే చాలు. ఉప్పుమూట ఆడించేటప్పుడు నాలుగు అడుగులు వేసి ఆగిపోండి. ఏమీ అనకుండా, మనసులో పది లెక్కపెట్టేంత సేపు ఎదురు చూడండి. వాడు వీపు మీద కదలవచ్చు, భుజం తట్టవచ్చు, ఒక కూత కూయవచ్చు. ఏది చేసినా అది వాడి మాటే. వెంటనే ‘ఇంకా!’ అని మళ్లీ నడవండి. రోజుకు పదిసార్లు ఇలా జరిగితే, ‘నేనొకటి చేస్తే నాయనమ్మ కదులుతుంది’ అన్న ఎరుక వాడికి కలుగుతుంది. మాటకు వేరు ఆ ఎరుకే. ఆ పది లెక్కపెట్టడం చాలా కష్టమని నేను ఒప్పుకుంటాను. నా దగ్గరకు వచ్చే పెద్దలలో చాలామంది మూడు దగ్గరే ఆగలేక మాట అందించేస్తారు. ‘ఇదేటి? అదేటి? చెప్పు, చెప్పు’ అని పరీక్షలు పెట్టడం కూడా మానండి. వాడు చూస్తున్న దాని పేరు మీరే చిన్న మాటగా అనండి. అటుకుల డబ్బా, అరటిపండు రెండు చేతులతో వాడి ముఖం ఎత్తున పట్టుకుని ‘అటుకులా? పండా?’ అని ఆగండి. కన్ను తిప్పినా, చెయ్యి చాపినా అది ఎంపికే, దాన్ని ఇచ్చేయండి.

పక్కింటి అమ్మాయి సాయం ఇక్కడ కూడా కావాలి. వాడి గ్లాసు, వాడి కంచం, వీధి తలుపు, ఉయ్యాల, వీటికి ఆ అమ్మాయి చేత ఫోనులో ఫొటోలు తీయించి, కాగితం మీద అచ్చు వేయించి, అట్టకు అతికించండి. వాటిని వాడి చేతికందే ఎత్తున గోడకు తగిలించండి. నీళ్ల కోసం మీ చెయ్యి లాగినప్పుడు గ్లాసు బొమ్మను తీసి, వాడి చేత మీ చేతిలో పెట్టించి, ఆ క్షణమే ‘నీళ్లు కావాలి’ అంటూ నీళ్లు ఇవ్వండి. బొమ్మలు అలవాటైతే నోరు తెరవడేమోనని అందరూ భయపడతారు. బొమ్మలు, సైగలు ఇచ్చిన పిల్లలను గమనించిన పరిశోధనలలో మాట తగ్గినట్టు కనబడలేదు, చాలామందిలో కొంత పెరిగింది కూడా. ‘చాలు’, ‘వద్దు’ అనేందుకు కూడా ఒక బొమ్మనో, చెయ్యి ఊపే సైగనో నేర్పండి. ‘వద్దు’ అని చెప్పే దారి లేని పిల్లవాడికి మిగిలిన దారి నేల మీద పడటమే. ఆ దారి దొరికేదాకా, తల కొట్టుకునేటప్పుడు తల కింద మీ అరచెయ్యో దిండో పెట్టి, ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చోండి. తల కొట్టుకోవడం ఒకేసారి ఎక్కువైతే చెవిపోటు, పంటినొప్పి ఉన్నాయేమో డాక్టరు చేత చూపించండి.

ఫోను వల్ల ఆటిజం రాదు. కాని ఫోను ఎదుటివారి కోసం ఆగదు, జవాబు అడగదు. ఈ వయసు పిల్లలకు రోజుకు గంట మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీ వంట వేళ ఆ గంటను వాడుకోండి, అందులో తప్పు లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి ఏడేళ్లు, రెండో తరగతి. చక్కగా మాట్లాడుతుంది, చదువులో ముందే ఉంటుంది. కాని బడి గంట మోగితే చెవులు మూసుకుని బల్ల కింద దూరుతుంది. జడ వేయబోతే ఏడుపు, గోళ్లు తీయబోతే ఏడుపు, యూనిఫారం వేసుకోవడానికి రోజూ అరగంట పోరు. పెరుగన్నం, అప్పడం తప్ప ఏదీ ముట్టదు. గారాబం ఎక్కువైందని బడిలో అంటున్నారు. నిరుడు సిరిమానోత్సవానికి తీసుకువెళ్తే జనంలో డప్పుల మధ్య గింజుకుని అరిచింది. అందరి ముందు కొట్టాను. ఈ ఏడాది అత్తగారు మళ్లీ తీసుకువెళ్దామంటున్నారు. పైడితల్లి అమ్మవారి జాతరకు మా ఇంట్లో వెళ్లని ఏడాది లేదు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, విజయనగరం

జవాబు: మీరు కొట్టిన సంగతిని దాచకుండా రాశారు. అమ్మాయితో కూడా ఆ మాట ఎత్తండి. ‘ఆ రోజు నీకు చప్పుడు భరించలేనంతగా ఉందని నాకు తెలియలేదు, కొట్టాను, అది తప్పు’ అని ఏడేళ్ల పిల్లకు చెప్పవచ్చు. మిగిలిన సలహాలన్నీ దాని తరువాతే.

మనకు అయిదు ఇంద్రియాలే ఉన్నాయని చిన్నప్పుడు నేర్చుకున్నాం. వాటికి తోడు లోపలి చెవిలో ఉండి ఒంటి నిలకడ, కదలిక చెప్పేది ఒకటి, కండరాలలో కీళ్లలో ఉండి ఏ అవయవం ఎక్కడుందో చెప్పేది ఒకటి, ఆకలి, దప్పిక, మూత్రం వంటి లోపలి కబుర్లు అందించేది ఒకటి ఉన్నాయి. ఇన్ని వైపుల నుంచి వచ్చే కబుర్లలో అవసరమైనది ఉంచుకుని, మిగిలినది తగ్గించుకోవడం మెదడు చేసే పని. ఒంటి మీద చొక్కా ఉన్న సంగతి మీకు గుర్తు లేకపోవడానికి కారణం అదే. కొందరు పిల్లలలో ఆ తగ్గించడం సరిగా జరగదు. కాలరు వెనుక కుట్టిన చిన్న గుడ్డముక్క రోజంతా గీరుతూనే ఉన్నట్టు వారికి తెలుస్తూనే ఉంటుంది. ఈ సంగతిని 1960, 70 దశకాలలో అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడంలో తర్ఫీదునిచ్చే నిపుణురాలు) జీన్ ఏయర్స్ వివరంగా రాశారు. 2013 నుంచి ఆటిజం లక్షణాల జాబితాలో ఈ ఇంద్రియ తేడాలను కూడా చేర్చారు. ఆటిజం లేని పిల్లలలోనూ ఇవి ఉంటాయి. చక్కగా మాట్లాడే ఆడపిల్లలలో ఆటిజం చాలా ఏళ్లు కనబడకుండా పోవడమూ ఉంది. అందుచేత పిల్లల ఎదుగుదల తెలిసిన డాక్టరుకు, దొరికితే ఆక్యుపేషనల్ థెరపిస్టుకు ఒకసారి చూపించమని నా సలహా.

గారాబానికి, దీనికి తేడా ఎలా తెలుస్తుందని బడివారు అడగవచ్చు. మొండికేసిన పిల్ల ఏడుస్తూనే మీరు చూస్తున్నారా లేదా అని ఓరకంట గమనిస్తుంది, కోరినది ఇస్తే ఊరుకుంటుంది. చప్పుడుతో నిండిపోయిన పిల్ల ఎవరినీ చూడదు, ఏమిచ్చినా ఊరుకోదు. చప్పుడు ఆగి కొంత సేపు గడిస్తేనే తేరుకుంటుంది, ఆ తరువాత అలసిపోయి పడుకుంటుంది. అలాంటప్పుడు బుద్ధులు చెప్పడం, ఎందుకేడుస్తున్నావని అడగడం కూడా మరొక చప్పుడే అవుతుంది. పక్కకు తీసుకువెళ్లి, మాట తగ్గించి, కూర్చోండి.

బడిలో అడగవలసినవి చిన్నవే. గంటకు దూరంగా ఉన్న బల్ల, గంట కొట్టడానికి ముందు టీచరు చేసే ఒక సైగ, ప్రార్థన వేళ వరుసలో చివరి చోటు, ఇవి మూడూ ఇస్తే సగం బాధ పోతుంది. చెవులకు అడ్డుగా పెట్టుకునే మెత్తని మూతలను మోత ఉన్న వేళకే ఉంచండి. రోజంతా పెట్టుకుంటే చెవి ఆ నిశ్శబ్దానికి అలవాటు పడి, మామూలు చప్పుడు కూడా మోత అవుతుంది. యూనిఫారానికి గంజి పెట్టవద్దు, కాలరు ముక్కను కుట్టు విప్పి తీసేయండి, కొత్త జతను నాలుగైదుసార్లు ఉతికిన తరువాతే తొడగండి. పొందూరు నేత పంచెలు కట్టుకునే తాతలున్న ఇళ్లలో మెత్తని నూలు విలువ ఎవరికీ చెప్పనక్కరలేదు, కాని చాలా బడుల యూనిఫారాలకు దొరికేది పాలిస్టర్ కలిసిన గుడ్డ. లోపల పాత నూలు బనీను వేస్తే ఆ గరుకు ఒంటికి తగలదు.

ఇలాంటి పిల్లలలో చాలామందికి తేలికగా తాకడమే ఎక్కువ బాధ, గట్టిగా అదిమితే నిమ్మళం. తలకు కొబ్బరి నూనె పట్టించి, అరచేత్తో మాడును అదిమి, పెద్ద పళ్ల దువ్వెనతో చివరల నుంచి పైకి దువ్వండి. ‘ఇరవై సార్లు, అంతే’ అని ముందే చెప్పి, అద్దం అమ్మాయి చేతికిచ్చి, లెక్క ఆమె చేతే పెట్టించండి. ఇరవై అయ్యాక చిక్కు మిగిలినా ఆపేయండి. మాట నిలబెట్టుకుంటారన్న నమ్మకం కుదిరితే మరునాటి ఏడుపు తగ్గుతుంది. ఆదివారం పూట నువ్వుల నూనెతో నలుగు పెట్టడం, బడికి వెళ్లే ముందు నీళ్ల బకెట్టు మోయించడం, చపాతీ పిండి పిసికించడం, ఇలా కండరాలకు బరువు తగిలే పనులు ఒంటిని నెమ్మదిపరుస్తాయి. బరువు కుట్టిన జాకెట్లంటూ అమ్మేవాటికి తగినంత రుజువు లేదు, డబ్బు పెట్టకండి.

తిండి విషయంలో బలవంతం చేసిన ప్రతిసారీ తినేవాటి పట్టిక ఇంకా కురచ అవుతుంది. పెరుగన్నం ఉన్న కంచానికి దూరంగా చిన్న గిన్నెలో ఒక దోసకాయ ముక్కను పెట్టి వదిలేయండి. మొదటి వారం చూడటం, తరువాత ముట్టుకోవడం, ఆ తరువాత వాసన, నాలుకకు తాకించడం, ఇలా ఒక కూరగాయకే నెలలు పట్టవచ్చు. ఆమెకు అప్పడం కరకర నచ్చింది కాబట్టి, వేయించిన బెండకాయ మెత్తని కూర కంటే ముందు ఒప్పుదల అవుతుందని నా ఊహ. బరువు, రక్తంలో ఇనుము ఒకసారి చూపించండి.

ఇక జాతర సంగతి. పూజారి కూర్చునే పొడవాటి మాను, అదే సిరిమాను, గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరిగే ఆ మధ్యాహ్నం వీధిలో నిలబడటమే అమ్మవారిని చూడటం కాదని అత్తగారికి నచ్చజెప్పండి. విజయదశమి తరువాతి మంగళవారం సిరిమానోత్సవం, దాని ముందు రోజు తొలేళ్లు. అంతకు ఎన్నో రోజుల ముందే, జనం పలచగా ఉండే ఉదయం పూట అమ్మాయిని గుడికి తీసుకువెళ్లి దర్శనం చేయించండి, దారి చూపించండి, ‘ఇక్కడ డప్పులు వాయిస్తారు, ఇక్కడ జనం నిలబడతారు’ అని చెప్పండి. పండుగ నాడు ఊరేగింపు దారికి దూరంగా ఉన్న బంధువుల మేడ మీద నుంచి చూపించండి. ‘ఇంక చాలు’ అనడానికి మీ చెయ్యి రెండుసార్లు నొక్కాలని ముందే అనుకోండి. నొక్కిన వెంటనే, సిరిమాను కనుచూపు మేరలో ఉన్నా సరే, లోపలి గదికి తీసుకువెళ్లండి. అత్తగారు మాత్రం వీధిలోకి వెళ్లి మొక్కు చెల్లించుకుని రావచ్చు.

ప్రశ్న: మా ఇంట్లో అత్తగారూ నేనూ ఒడియా మాట్లాడతాం, మా ఆయనది తెలుగు. బాబుకు రెండున్నర ఏళ్లు, అన్నీ కలిపి పదిహేను మాటలు వచ్చు. రెండు భాషల వల్లే మాట రావడం లేదని, ఇంట్లో ఒడియా మానేయమని ఒక డాక్టరు చెప్పారు. నిజమేనా?
— ఒక తల్లి, ఇచ్ఛాపురం

జవాబు: రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. మీ ఊళ్లో తరతరాలుగా పిల్లలు రెండు భాషలూ వింటూనే పెరిగారు గదా. అయితే రెండున్నర ఏళ్లకు రెండు భాషలలో కలిపి పదిహేను మాటలే ఉండటం తక్కువే. కారణం భాషలలో కాదు, మరెక్కడో ఉండవచ్చు కాబట్టి, పై ఉత్తరంలో చెప్పిన చెవి పరీక్ష, మాటల పరీక్ష ఈ నెలలోనే చేయించండి. అప్పుడు మాటలను లెక్కపెట్టేటప్పుడు ఒడియా మాటను, తెలుగు మాటను, సైగను కూడా కలిపి చెప్పండి.

ఒడియాను మానేస్తే జరిగేది ఒకటే. పగలంతా బాబుతో గడిపే మీ అత్తగారు, రాని తెలుగులో ముక్కలు ముక్కలుగా మాట్లాడి, కొద్ది రోజులకు మాటే తగ్గించేస్తారు. మాట కావలసిన పిల్లవాడి చుట్టూ మాట తగ్గిపోతుంది. ఎవరికి ఏ భాష మనసారా వస్తుందో వారు ఆ భాషలోనే మాట్లాడండి. ఇంట్లో సవర మాట్లాడి బడిలో తెలుగు వినే మన్యం పిల్లలను కూడా కొందరు ‘మాట సరిగా రాదు’ అని రాసేస్తుంటారు. సవరలో గలగలా కబుర్లు చెప్పే బిడ్డకు మాటల లోపం లేదు, బడిలో అతని భాష తెలిసినవారు లేరు, అంతే.

ప్రశ్న: సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల ఒంటి కదలికలు అదుపు తప్పే స్థితి) ఉన్న మా పాపకు ఎనిమిదేళ్లు. అన్నీ అర్థమవుతాయి, కాని ఆమె మాట మాకు తప్ప పరాయివారికి తెలియదు. మా ఊరి బడిలో ‘ప్రత్యేక బడికి పంపండి’ అన్నారు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం తీసుకుంటే పాపకు ముద్ర పడిపోతుందని మా నాన్నగారు వద్దంటున్నారు.
— ఒక తండ్రి, రాజాం

జవాబు: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరలోని బడిలో గాని, కోరుకుంటే ప్రత్యేక బడిలో గాని ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఎంపిక మీదే, బడివారిది కాదు. ఈ హక్కు అడగడానికి చేతిలో ఉండవలసినది సదరం ధ్రువపత్రమే. మీ నాన్నగారి బాధ నాకు తెలుస్తుంది, కాని పాప నడకను, మాటను ఊరంతా ఇప్పటికే చూస్తోంది. కాగితం వల్ల కొత్తగా తెలిసేది లేదు, పింఛను, పరీక్షలో అదనపు సమయం వంటివి మాత్రం వస్తాయి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా కింద సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు వస్తుంది, దాన్ని కూడా అడగండి. మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, వారిని వెంటబెట్టుకుని ప్రధానోపాధ్యాయుడిని మళ్లీ కలవండి.

పాపకు ఒక అట్ట తయారు చేయండి. దాని మీద వర్ణమాల, అంకెలు, ‘టీచరుగారూ’, ‘నాకు తెలుసు’, ‘మళ్లీ చెప్పండి’, ‘బాత్రూమ్’, స్నేహితురాళ్ల పేర్లు రాసి, బల్లకు అతికించండి. వేలు ఆడకపోతే కంటి చూపుతో చూపించవచ్చు. అన్నిటికంటే ముందు ‘నాకు తెలుసు’ అన్న గడి పెట్టండి, ఎందుకంటే తరగతిలో ఆమెకు ఇప్పటిదాకా లేనిది చెయ్యెత్తే అవకాశం.

ప్రశ్న: నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. నాలుగో తరగతిలో ఒక బాబు కథ చెబితే అందరూ నోరు తెరుచుకుని వింటారు. తండ్రి కిరాణా కొట్టులో చిల్లర లెక్క నోటితో చెప్పేస్తాడు. కాని చదవమంటే ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటాడు. ‘అమ్మ’ను ‘అమ’ అని, ‘పుస్తకం’ను ‘పుసకం’ అని రాస్తాడు. బద్ధకమని తండ్రి కొడుతున్నారు. నేనేం చేయగలను?
— ఒక ఉపాధ్యాయురాలు, చీపురుపల్లి మండలం

జవాబు: మీరు ఇచ్చిన రెండు ఉదాహరణలలోనూ జారిపోయింది ఒత్తే. ఆ బాబు చెవికి ‘పుస్తకం’ సరిగానే వినబడుతోంది, నోటికి సరిగానే వస్తోంది. ఆ ధ్వనిని ముక్కలు చేసి, ఏ ముక్కకు ఏ గుర్తు అని పట్టుకునే చోట పని నెమ్మదిగా సాగుతోంది. చూపు, వినికిడి సరిగా ఉండి, బడి మానకుండా వచ్చి, మంచి బోధన అందినా ఇది వెంటాడితే డిస్లెక్సియా కావచ్చు. ఇది బద్ధకం కాదు, తెలివి తక్కువా కాదు. నిర్దిష్ట అభ్యసన వైకల్యం అన్న పేరుతో 2016 చట్టంలోని 21 వైకల్యాలలో ఇది కూడా ఉంది. ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకు పరీక్ష చేసి ధ్రువపత్రం ఇవ్వవచ్చు కనుక, మీ బాబుకు ఇప్పుడు వయసు వచ్చింది. పరీక్షలలో రాతసహాయకుడు, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. పై తరగతులకు వెళ్లేలోగా కాగితాలు సిద్ధం చేయడం మంచిది.

తండ్రితో మాట్లాడటం మీ వల్లే అవుతుంది. ‘మీ వాడు బద్ధకస్తుడైతే కొట్టులో లెక్క ఎందుకు తప్పడు?’ అని అడిగి చూడండి. తన కొడుకు తెలివిని రోజూ కళ్లారా చూస్తున్న మనిషి ఆయనే.

తెలుగు లిపి విషయంలో ఒక సంగతి మనం పాఠం చెప్పేటప్పుడు గమనించం. క, గ, ద, ప వంటి హల్లుల ఒత్తులు తలకట్టు తీసేసిన ఆ అక్షరాలలాగే ఉంటాయి, కనుక గుర్తుపట్టడం తేలిక. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక దాదాపు ఉండదు. ‘అమ్మ’ అన్న మాట మొదటి పాఠంలో వస్తుంది గాని, అందులోని ఒత్తు కష్టమైన జట్టులోది. పైగా అక్షరాలన్నీ వరుసలో ముందుకు పోతుంటే, ఒత్తు కిందికి దిగి కూర్చుంటుంది. తడబడే కన్ను దాన్ని దాటిపోతుంది. అందుచేత ఒత్తులను వర్ణమాల వరుసలో కాక, పోలిక ఉన్నవి ముందు, లేనివి తరువాత చొప్పున నేర్పండి. ముందు ద్విత్వాలు, అవి గట్టిపడ్డాకే ‘పుస్తకం’, ‘విద్య’ వంటి సంయుక్తాక్షరాలు. ఒత్తును ఎప్పుడూ ఎర్ర సుద్దతో రాయండి. రాసే ముందు మాటను చప్పట్లతో విడగొట్టించండి. ‘ఉప్పు’ అన్నప్పుడు మొదటి చప్పట్టుకూ రెండో దానికీ మధ్య పెదవులు బిగుసుకుని ఒక్క క్షణం ఆగుతాయి గదా, ఆ ఆగడాన్ని వేలితో పెదవి మీద తాకి చూసుకోమనండి. ఆ తరువాత పళ్లెంలో పోసిన బియ్యంలో వేలితో రాయించండి.

తరగతిలో అందరి ముందు పైకి చదివించడం కొంతకాలం ఆపండి. సైన్సు, పరిసరాల పాఠాలలో జవాబులు నోటితో చెప్పించుకుని మార్కులు వేయండి. తరగతికి కథ చెప్పే పని వారానికి ఒకరోజు అతనికే ఇవ్వండి. అతను చెప్పిన కథను మీరు నాలుగు వాక్యాలలో బోర్డు మీద రాస్తే, అదే అతని వాచకం అవుతుంది, ఎందుకంటే అందులోని ప్రతి మాటా అతని నోటి నుంచి వచ్చినదే.

చదివే మాటలను కొట్టులో నుంచే తెప్పించండి. డబ్బాల మీద అంటించడానికి చీటీలు కావాలని తండ్రిని అడగమనండి. కొట్టులో సగం సరుకులకు ఒత్తులున్నాయి. మొదటి రెండు వారాలు ‘ఉప్పు’, ‘పప్పు’ చీటీలు చాలు. అవి చూడకుండా రాయగలిగిన తరువాతే ‘బెల్లం’ డబ్బా దగ్గరకు వెళ్లండి, ఎందుకంటే ల ఒత్తు కష్టమైన జట్టులోది.